ఒక్కడి కోసం పెద్ద బాయిలరా?

"బయటికొస్తవా, తలుపు పలగ్గొట్టాల్నా?"

పోశన్న స్నానాలగది తలుపును పిడికిలితో బాదాడు.

లోపల నీళ్ళ చప్పుడు ఆగలేదు.

జనవరి నెల. దోహాలో సాయంత్రమైతే చలిగాలి ఒంటిని కోస్తోంది. వరల్డ్ కప్ స్టేడియం డ్యూటీ నుంచి కంపెనీ బస్సు దిగినవాళ్ళంతా తువ్వాళ్ళు భుజాన వేసుకుని వరసలో నిలబడ్డారు. అందరి ఒంటి మీదా సిమెంటు దుమ్మే.

ఎట్టకేలకు తలుపు తెరుచుకుంది. హమీదుద్దీన్ తల దించుకుని బయటికొచ్చాడు.

పోశన్న లోపలికెళ్ళి వేడినీళ్ళ కుళాయి తిప్పాడు. చన్నీళ్ళు పడ్డాయి.

"ఓ సాయిబూ! ఏసీ బండిల కూసొని స్కూలు పోరగాండ్లను దింపొస్తవు. నీకేం దుమ్ము అంటిందని గింత తానం? ఇయ్యాల మల్ల నిఖా ఏమన్న ఉన్నదా?"

వరసంతా గొల్లున నవ్వింది.

"మాఫ్ చెయ్యి తమ్మీ," అని హమీదుద్దీన్ తన మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలోని ఆ పాత విల్లాకు రాజేందర్ పెద్ద. ఇల్లుగల అరబ్బుతో మాట్లాడి ఇల్లు తీసుకున్నదీ, జగిత్యాల, ఆర్మూరు వైపు వాళ్ళందరినీ గదుల్లో సర్దిందీ అతనే. హమీదుద్దీన్ ఒక్కడే ముక్కూమొహం తెలియకుండా వచ్చినవాడు. మాది బోధన్ అన్నాడు, తెలుగు మాట్లాడాడు. సరే పొమ్మని రాజేందర్ ఒక మంచం ఇచ్చాడు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అతని డ్యూటీ మధ్యాహ్నానికే అయిపోతుంది. ఇంటికి మాత్రం పొద్దుగూకాకే వస్తాడు. వస్తూనే ఎవరినీ పలకరించకుండా నేరుగా స్నానాలగదిలో దూరతాడు.

ఆ వారమే వేడినీళ్ళ బాయిలర్ కాలిపోయింది. కొత్తది బిగించమని ఇంటి అరబ్బు, హైదరాబాదు ప్లంబర్ తల్హాను పంపాడు.

"మంది ఎందరు? తానాలు ఎప్పుడు చేస్తరు? అది చెప్తేనే సైజు తెలుస్తది," అన్నాడు తల్హా.

"బస్సు దిగంగనే అందరం ఒక్కపారే," అన్నాడు రాజేందర్.

"అయితే నడిమి సైజు సరిపోతది. పెద్దది పెడితే ఈ పాత ఇంటి వైర్లు ఓర్సయి. మొత్తం వైరింగ్ మార్చాలె. దానికి అరబ్బు ఒప్పుకోడు."

"నడిమిదే పెట్టు మరి."

"పెడ్త. గని మీ దగ్గర ఒకాయన ముగ్గురి నీళ్ళు పోసుకుంటడంట గద? ఆయనుంటే ఇది సాలది భాయ్."

పక్కనే ఉన్న పోశన్న అందుకున్నాడు.

"ఒక్కని కోసం పెద్ద బాయిలరా? మనిషిని మార్చు రాజేందరన్నా, అయిపాయె! ఆయనుంటే మేమే పోతం."

రాజేందర్ హమీదుద్దీన్‌ను పిలిచాడు.

"భాయ్, అందరోలె జెర జల్ది కానియ్యరాదు?"

"నాతోని కాదు తమ్మీ."

"పోనీ, అందరయినంక ఆఖర్ల చెయ్యి."

"అట్ల ఆగలేను. రాంగనే చెయ్యాలె."

"ఏమన్న రోగమున్నదా?" పోశన్న అడ్డం వచ్చాడు. "ఉంటే చెప్పు, మాకంటుకోకముందే."

"రోగమేం లేదు."

"మరేంది?"

హమీదుద్దీన్ రాజేందర్ మొహంలోకి చూశాడు.

"చెప్తే మీరు ఉండనియ్యరు. చెప్పకున్నా ఉండనిచ్చేటట్టు లేరు."

"సూసినవా అన్నా! ఏదో దొంగపనే!"

రాజేందర్ మనసు రాయి చేసుకున్నాడు. ఒక్కడి కోసం ఇంటెడు మందిని ఎక్కడ పోగొట్టుకుంటాడు?

"వేరే తావు సూసుకో భాయ్."

"ఈ చలికాలం దాటిందాక ఉండనియ్యి తమ్మీ."

"మాఫీ! లేదు! యల్లా, యల్లా, నడువు!" అంటూ పోశన్న అతని పెట్టెను ఈడ్చుకుపోయి గేటు బయట పడేశాడు.

ఎవరూ అడ్డు చెప్పలేదు. ఎక్కడికి పోతావని కూడా అడగలేదు.

కొత్త బాయిలర్ వచ్చింది. అందరికీ వేడినీళ్ళు అందాయి. ఇంకా మిగిలాయి కూడా.

"పీడ పోయింది!" అన్నాడు పోశన్న, తల తుడుచుకుంటూ.

చలి పోకముందే పోశన్న పోయాడు. ఒక పొద్దున మంచం మీది నుంచి లేవనే లేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు.

ఊరి నుంచి అతని భార్య గంగామణి ఫోన్ చేసింది.

"గల్ఫు నుంచి పీనుగుల్ని ఎట్లున్నయట్లనే పంపుతరంటరు అన్నా. ఆయనకు తానం పోసి, మొకం మంచిగ కడిగి పంపుండ్రి. పిల్లలు సూస్తరు."

మాటైతే ఇచ్చాడు గానీ, రాజేందర్‌కు ఎలా చేయాలో తెలియదు. తోడొచ్చిన ఇద్దరూ ఆసుపత్రి గేటు దగ్గరే ఆగిపోయారు. కొత్త బట్టలు పట్టుకుని అతనొక్కడే మార్చురీ దాకా వెళ్ళాడు.

"మా వాడికి తానం చేయించాలె," అన్నాడు అక్కడి కాపలా మనిషితో.

"అవుతోంది, కూర్చో," అన్నాడతను హిందీలో.

"ఎవరు చేయిస్తున్నరు?"

"మీ తెలుగాయనే. రోజూ డ్యూటీ దిగగానే వస్తాడు, మీ దేశంవాళ్ళెవరు పోయినా స్నానం చేయిస్తాడు. హిందువా, ముస్లిమా అని అడగడు. ఎవరి దగ్గరా పైసా తీసుకోడు."

తలుపు తెరుచుకుంది. లోపల తెల్ల దుప్పటి కింద పోశన్న, గడ్డం గీసి, తల దువ్వి, నిద్రపోతున్నట్టున్నాడు.

బట్టల కోసం గడప దాకా వచ్చిన మనిషి మోచేతుల దాకా తడిసి ఉన్నాడు.

రాజేందర్ గుర్తుపట్టాడు. ఆ చేతులు పట్టుకోవడానికి ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు.

హమీదుద్దీన్ చప్పున వెనక్కి జరిగాడు.

"ముట్టుకోకు తమ్మీ, పీనుగుకు నీళ్ళు పోసిన ఒళ్ళు... నాకింకా తానం కాలే."