ఏడు నొక్కితే

"రిసెప్షనిస్టు ఉన్న ప్లాను మాకొద్దండీ," అంది కొత్త పెళ్లికూతురు, మూడోసారి.

ఏజెంటు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. గాజు గోడల గది. బల్ల మీద పరాయి దేశపు రంగురంగుల బ్రోషర్లు. ఆ దేశంలో అడుగు పెట్టకుండానే అక్కడ ఆఫీసు తెరిపించడం అతని వ్యాపారం. పేరున్న వీధిలో చిరునామా, వచ్చిన ఉత్తరాలు స్కాన్ చేసి పంపే ఏర్పాటు, అక్కడి ఫోన్ నంబరు ఇస్తారు. గది, కుర్చీ, బల్ల మాత్రం ఉండవు. దాన్నే వర్చువల్ ఆఫీసు అంటారు.

ఆలుమగలిద్దరూ ఉద్యోగాలు మానేసి చెక్కబొమ్మలు చేస్తున్నారు. అతను చెక్కుతాడు, ఆమె రంగులు వేస్తుంది. కంపెనీ పేరు 'బుజ్జి ఏనుగు'. ఆ దేశంలో ఒక పెద్ద దుకాణం వాళ్ల బొమ్మలు చూసి ముచ్చటపడింది. తమ దేశంలో చిరునామా, ఫోను ఉంటేనే ఆర్డరు ఇస్తామంది. ఈ ఆఫీసు కుదరకపోతే ఏనుగుల మంద అంతా మంచం కిందే.

"మేడమ్, నా మాట వినండి. ఫోనెత్తి మనిషి పలికితే ఆ నమ్మకమే వేరు. మా అమ్మాయి గొంతు తేనె అనుకోండి. ఒక్కసారి వినండి."

వినిపించాడు. నిజంగానే తేనె.

"అందుకే వద్దంటోంది," అన్నాడు భర్త నవ్వుతూ. "మా ఇంట్లో చీమల భయం ఎక్కువ."

"చాల్లే శ్రీవారూ. మెషీన్ ప్లానే తీసుకుందాం. ఎవరు ఫోన్ చేసినా రికార్డు చేసిన నీ గొంతే పలకాలి."

"ఓనరే పలికితే చిన్న కంపెనీ అనుకుంటారు మేడమ్!"

"చిన్నదే కదండీ. ఇద్దరం, ఒక ఉలి."

ఇక లాభం లేదనుకుని ఏజెంటు మైకు ముందుకు జరిపాడు.

ఒకటి నొక్కితే ఆర్డర్లు. రెండు నొక్కితే రిపేర్లు. భర్త ఒక్కొక్కటే చదివాడు. ఆమె అతని మోకాలి మీద చెయ్యి వేసుకుని వింది. 'ఏనుగు' అన్నప్పుడల్లా చివర కాస్త సాగదీస్తాడని ఆమెకు ఇవాళే తెలిసింది. ఆ మాత్రానికే మురిసిపోయి మళ్లీ చెప్పించింది. మళ్లీ మురిసిపోయింది.

"సార్ గొంతు బొంగురుగా ఉంది," అన్నాడు ఏజెంటు. "జలుబు తగ్గాక చేద్దామా? దుకాణం వాళ్లు ఫోన్ చేసేది వచ్చే వారం కదా."

"బొంగురే బాగుంది. ఇవాళే కానివ్వండి."

"సరే, ఆరుతో అన్నీ అయిపోయాయి."

"ఏడు కూడా పెట్టండి."

"ఏడులో ఏం పెట్టాలి మేడమ్?"

"ఏడు నాకు." ఆమె భర్త వైపు తిరిగింది. "నన్ను తిట్టు."

"ఏమని?"

"తడి తువ్వాలు మంచం మీద పడేస్తే రోజూ తిడతావే, అలాగే."

అతను మైకు వైపు చూశాడు. తర్వాత ఒక్క ఊపున అందుకున్నాడు.

"ఏమే పిచ్చుకా! మళ్లీ తడి తువ్వాలు మంచం మీదేనా? అవి చెవులా, చేటలా? రాత్రికి నేనెక్కడ పడుకోవాలి, నీ నెత్తి మీదా?"

ఏజెంటు పడీ పడీ నవ్వాడు. "కస్టమరెవరైనా పొరపాటున ఏడు నొక్కితేనో?"

"వాళ్లూ తువ్వాలు ఆరేసుకుంటారు," అందామె. తనూ నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "ఇంకోసారి. ఇంకొంచెం కోపంగా."

ఇంకోసారి తిట్టాడు. మరోసారి కూడా. ఈసారి మధ్యలోనే దగ్గు వచ్చింది. ఆమె నీళ్లు అందించి, అతను గుటక వేసేదాకా గ్లాసు వదల్లేదు.

"ఇదేం శిలాశాసనం కాదు మేడమ్," అన్నాడు ఏజెంటు జాలిపడి. "నచ్చకపోతే ఎప్పుడు కావాలంటే అప్పుడు సార్ ఇంట్లోంచే మళ్లీ రికార్డు చేసి పంపొచ్చు. దీనికింత ఆరాటం దేనికి?"

మర్నాడు పొద్దున క్యాన్సర్ ఆపరేషన్‌లో అతని స్వరపేటికను పూర్తిగా తీసేస్తారని ఆ గదిలోని ముగ్గురిలో ఇద్దరికే తెలుసు.