శెనక్కాయ సాళ్ల నడుమ కంది

కొంగులో కంది ఇత్తనాలు పోసుకోని గొర్రు ఎనక నిలబడితిని.

"కంది ఎందుకే? నూనె మిల్లోళ్లు శెనక్కాయలే కొంటాండారు. చేనంతా అవే ఇత్తుదాం" అన్నాడు మా ఇంటాయన.

"పోయినేడు నీ మాట ఇని అవే ఇత్తితిమి గదా. వాన ఎనకబడేసరికి పైపైన ఏర్లుండే శెనక్కాయ మాడిపాయ. పక్క చేన్లో కంది లోతుకు ఏరు దించి, అడుగు తడి తాగి కాసె. వాళ్ల పిల్లోళ్లు కందిబ్యాడలన్నా తినిరి. మన పిల్లోడు రంగన్న ఆకలికే పాయ."

"సచ్చినోడు లేసొచ్చి తింటాడా? పారెయ్!"

కన్నతండ్రి నోట ఆ మాట ఇని అసహ్యమేసి ఉమ్మేస్తిని.

"వానికి గాదు. నాకు మళ్లా నెల తప్పిండాది."

ఆయన ఎద్దుల్ని నిలబెట్టి ఇకిలించుకుంటా వచ్చినాడు. "ముందే చెప్పకపోతివే! నాలుగు సాళ్లకొక సాలు కంది ఏద్దాం. అలసందలు గూడా కలుపు. నా కొడుక్కు తిండి తక్కువ కాగూడదు."

రంగన్న నీ కొడుకు గాదా అని నోటిదాకా వచ్చె. కంది ఇత్తనాలు పిడికిట్లోకి తీసుకుంటిని.

ఆ నవ్వు సూస్తాంటే కడుపులో దేవినట్లాయ. అది వేవిళ్ల వికారం గాదు.