ఎక్కువైన ఎస్

“ఇంక మీరు రోజూ రావాల్సిన పని లేదు టీచరమ్మా. కంప్యూటరే తప్పులు దిద్దేస్తా ఉండాది” అంది ఫ్లెక్సీ షాపు నడిపే హుమేరా.

పంకజాక్షి ఎర్ర పెన్ను మూత తీసి అలాగే ఉండిపోయింది. ఇంగ్లీషు టీచరుగా రిటైరైనప్పటి నుంచి, చంద్రగిరిలోని ఆ షాపుకొచ్చి ఫ్లెక్సీల్లో తప్పులు దిద్దిపోవడమే ఆమె ఉద్యోగం. జీతం ఒక టీ. తప్పు దొరికితే ఆ రోజు పండగ. అది లాటిన్ నుంచి వచ్చిన మాటైతే పెద్ద పండగ.

ఎండలో తిరగడమెందుకని చెప్తున్నానంటూ హుమేరా సర్దబోయింది. నిజానికి మంచికే చెప్పింది. పంకజాక్షి పెన్నుకు మూత పెట్టి, సరేనమ్మా అని మెట్లు దిగింది. ఇంట్లో ఆమెతో మాట్లాడే మనిషి లేదు.

మర్నాడు పదింటికి కాళ్ళు అలవాటుగా అక్కడికే తీసుకొచ్చాయి. షాపు మెట్లెక్కడానికి మొహం చెల్లక ఎదురుగా బస్‌స్టాపులో కూర్చుంది. తిరుపతి బస్సులు వచ్చాయి, పోయాయి. ఏదీ ఎక్కలేదు. మూడు రోజులూ అదే వరస.

నాలుగో రోజు బయల్దేరబోతుంటే హుమేరా ఫోను. కాలేజీ పాత విద్యార్థుల మీటింగు ఫ్లెక్సీ ఉందట, కంప్యూటర్ ఏదో తిక్కగా రాసిందట, ఒకసారి వచ్చి చూడమంది. పంకజాక్షికి ప్రాణం లేచొచ్చింది.

ప్రూఫు కాగితంలో ‘అలమ్నైస్’ అని ఉంది.

“చూసినావా నీ కంప్యూటర్ తెలివి. పాత విద్యార్థి ఒకరైతే అలమ్నస్, పదిమందైతే అలమ్నై. తోకన ఎస్ తగిలించకూడదు. ఫంగస్‌కు ఫంజై, డేటమ్‌కు డేటా. ఈ లాటిన్ మాటలు ఇంగ్లీషు ఇంటికి కోడళ్ళుగా వచ్చినా పుట్టింటి ఆచారం వదల్లేదమ్మా.”

హుమేరా బుద్ధిగా తలూపింది. రెండో టీ కూడా తెప్పించింది. ఎస్ మీద ఎర్రగా అడ్డగీత కొట్టి, స్టేడియం సంగతి, బాక్టీరియం సంగతి కూడా చెప్పేసి, పన్నెండు దాటాక పంకజాక్షి లేచింది. ఎండ మండుతోందని హుమేరా ఆమెను షాపు ముందు నిలబడే మునికుమార్ ఆటో ఎక్కించింది.

కాలేజీ గేటు ముందు ఆటో నెమ్మదించింది. గేటు పైన అదే ఫ్లెక్సీ. అదే బ్యాచి, అదే దీపం బొమ్మ. ‘అలమ్నై’ అని శుభ్రంగా ఉంది. తోకన ఎస్ లేదు.

“ఇదెప్పుడు కట్టినారప్పా?” అని అడిగింది.

“నిన్న పొద్దున్నే మేడం. హుమేరక్క షాపు నుంచి నా ఆటోలోనే తెచ్చినాను” అన్నాడు మునికుమార్.

పంకజాక్షి ఇంటి ముందు ఆటో దిగి, కళ్ళు తుడుచుకుని, ఫోను తీసింది.

“హుమేరా, రేపటికి కూడా ఒక తప్పు చేసి పెట్టమ్మా. పదింటికి వస్తా.”