వడ్రంగి దొర కుర్చీ

"మళ్ళీ ఎర్రగానే వచ్చింది," అంది గ్రేస్, ప్లాస్టిక్ గొట్టాన్ని వెలుతురుకేసి పట్టి చూస్తూ.

"ఫ్రెంచోళ్ళ ఉమ్మి ఎర్రగా ఉంటాదేమో," అన్నాడు ఆమె మొగుడు ఇమ్మానుయేలు.

"ఆకూవక్కా ఏసుకుంటే ఎవరిదైనా ఎర్రగానే ఉంటాది. అరగంట నోట్లో ఏమీ పెట్టుకోవద్దని ఆ యమ్మ చెప్పిందా, లేదా?"

ఆ యమ్మ అంటే పాండిచ్చేరిలో ఉండే ఫ్రెంచావిడ క్లేర్. ఆమె ముత్తాత తమ్ముడు జూలియన్ వడ్రంగి. ఫ్రాన్సు నుంచి పెనుకొండ వచ్చి, చర్చికి కుర్చీ చేసి, ఇక్కడి పిల్లనే పెళ్ళాడి, జనంలో కలిసిపోయాడు. ఆయన వంశంవాళ్ళు ఎవరైనా మిగిలారేమోనని క్లేర్ పోయిన నెల వెతుక్కుంటూ వచ్చింది. కుర్చీని చూసి కన్నీళ్ళు పెట్టుకుంది. అందులో కూర్చున్న ఇమ్మానుయేలును లేవమని, కుర్చీని ఫొటో తీసుకుంది.

ఆ చిన్న చర్చిలో అందరూ చాపల మీదే కూర్చుంటారు, మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. ఇమ్మానుయేలు మాత్రం కుర్చీలో కూర్చుంటాడు. దొర తమకు ముత్తాత అని వాళ్ళ నాయన చెప్పాడు. సాక్ష్యం పిల్లికళ్ళు. అంతకుమించి వడ్రంగి లక్షణం ఒక్కటీ లేదు. సుత్తి ఎటువైపు పట్టుకోవాలో కూడా ఆయనకు తెలీదు. ఇంట్లో మేకు కొట్టాలన్నా, వదులైన మంచంకోడుకు చెక్క చెక్కి బిగించాలన్నా గ్రేసే.

గ్రేస్‌కు మోకాళ్ళు అరిగిపోయాయి. ప్రతి ఆదివారం ఇద్దరాడవాళ్ళ భుజాలు పట్టుకుంటే గానీ చాప మీంచి లేవలేదు. "ఒక్కవారం నన్ను కుర్చీలో కూచోనీ," అని ఒకసారి అడిగింది.

"అది వంశానికి సంబంధించింది," అన్నాడు ఇమ్మానుయేలు. "మీ పుట్టినూరు ముదిగుబ్బలో యాడుండాది వంశం? గొర్రెలుండాయి."

ఆ మాట ఆమెకు చాలా నొప్పి పెట్టింది. మోకాళ్ళ కంటే ఎక్కువే.

ఇప్పుడు కుర్చీకే ఎసరు వచ్చింది. సంఘ పెద్ద చిన్నస్వామి అందరి ముందూ తేల్చేశాడు.

"పిల్లికళ్ళు పిల్లికీ ఉంటాయప్పా. ఆ దొర ఏమన్నా ఒక్క పెనుకొండలోనే కూచున్న్యాడా? ముదిగుబ్బ దాకా తిరిగి చర్చి తలుపులన్నీ చేసినాడు. ఉమ్మి పంపితే చుట్టమో కాదో తెలుస్తాదని ఆ యమ్మ అంటాంది. దొర వంశమని ఎవరు తేలితే వాళ్ళే కూచోవాల. ఎవరూ తేలకపోతే కోతపండగనాడు కుర్చీని వేలం ఏస్తాం. హిందూపురం పాతసామాన్లోడు అప్పుడే అడిగిపోయినాడు."

అందుకే ఈ గొట్టం, ఈ తిప్పలు.

మూడోసారి ఇమ్మానుయేలు నోరు కడుక్కుని, అరుగు మీద మూతి బిగించి కూర్చున్నాడు. దేవుడి దయవల్ల అంతా బాగానే జరుగుతోంది. ఇంతలో పక్కింటి హనుమప్ప వచ్చి పక్కన చతికిలబడ్డాడు. వాన గురించి మాట్లాడుతూ ఆకు తుడిచి, సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి చేతికిచ్చాడు. పెద్దమనిషి ఇచ్చిన ఆకు వద్దంటే ఏం మర్యాద? ఇమ్మానుయేలు చెయ్యి దానంతట అదే నోటి దగ్గరికి వెళ్ళింది.

హనుమప్ప లేచి వెళ్ళాక గబగబా నీళ్ళు పుక్కిలించి, గొట్టంలో ఉమ్మి, గ్రేస్ చేతిలో పెట్టాడు. "కుర్చీ పోతే నేను చచ్చినట్టే లెక్క," అన్నాడు.

గ్రేస్ గొట్టాన్ని చూసింది. మొగుడి మొహం చూసింది. "సరే, నేను పంపిస్తాలే," అని లోపలికి వెళ్ళింది.

పార్సిల్ కట్టేటప్పుడు గొట్టంలో ఉమ్మి తెల్లగా ఉంది.

కోతపండుగ నాడు చర్చి ముందర గుమ్మడికాయలు, చెనక్కాయల మూటలు, కాళ్ళు కట్టేసిన నాటుకోళ్ళు వేలానికి సిద్ధంగా ఉన్నాయి. వాటి మధ్యన దొర కుర్చీ. దాని మీద కూడా ఒక కోడి. జనం చాపల మీద సర్దుకున్నారు. హిందూపురం పాతసామాన్లవాడు వ్యాను తెచ్చుకుని మరీ వచ్చాడు.

క్లేర్ లేచి నిలబడి ఇంగ్లీషులో చెప్పింది. పాస్టరుగారు తెలుగులో చెప్పారు. "ఉమ్మిని పరీక్ష చేసినారు. ఈ యమ్మ రక్తంతో కలిసింది. ఉమ్మి ఇచ్చినవాళ్ళు జూలియన్ దొర వంశమే. అనుమానం లేదు."

జనం చప్పట్లు కొట్టారు. చిన్నస్వామి కూడా కొట్టాడు, ఆలస్యంగా. క్లేర్ ఇంకేదో చెప్పబోయింది గానీ ఆ చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. పాతసామాన్లవాడు వ్యాను వెనక్కి తిప్పుకున్నాడు.

ఇమ్మానుయేలు కుర్చీ మీది కోడిని దించి, తువ్వాలుతో దుమ్ము దులిపి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు చూసి అందరికీ వినపడేట్టు అన్నాడు.

"చూసినావా గ్రేస్, వంశమంటే ఏందో?"

గ్రేస్ ఇద్దరాడవాళ్ళ భుజాలు పట్టుకుని లేచింది. గుమ్మడికాయల మధ్య నుంచి మెల్లగా నడిచి, కుర్చీ ముందుకొచ్చి నిలబడింది.

"నీది మూడోసారీ ఎర్రగానే వచ్చింది. అది కడిగి పారేసి, నాది పంపించినా. లెయ్, మోకాళ్ళు నొస్తాండాయి."