నారాయణప్ప నోట్‌బుక్కు

పెరుగన్నం డబ్బా కింద రెండు ర్యామ్ ముక్కలు దాచుకుని ఆఫీసు గేటు దాటిన రోజు నుంచి ఉదయ్ భాస్కర్‌కి కంటి మీద కునుకు లేదు.

పుట్టి బుద్ధెరిగాక అతను చేసిన మొదటి దొంగతనం అది. యాభై వేలలో గేములాడుకునే కంప్యూటర్ ఒకటి తయారుచేసుకోవాలని మూడు నెలలు కూర్చుని పార్టుల లిస్టు రాశాడు పాపం. అన్నీ అమరాయనుకునేసరికి ర్యామ్ ధర కొండెక్కి కూర్చుంది. సరిగ్గా అప్పుడే ఆఫీసు స్టోర్ రూములో, తుక్కుకి వేయడానికి పెట్టిన పాత కంప్యూటర్లు కంటపడ్డాయి. ఎలాగూ పారేసేవే కదా అని మనసుకి నచ్చజెప్పుకున్నాడు. మనసు వింది గానీ కంపెనీ వినదు. కిందటేడాది ఒక పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుపోయినవాణ్ణి సాయంత్రానికల్లా ఉద్యోగంలోంచి తీసి ఇంటికి పంపేశారు.

మిగతా పార్టులన్నీ నిక్కచ్చిగా బిల్లులతోనే కొన్నాడు. ఖాజాగూడ అపార్ట్‌మెంట్‌కి తెప్పిస్తే ఈ ఖర్చు సంగతి తెలియని భార్య నీహారిక ఫోన్‌లో గేటు యాప్ టింగుమంటుంది. అందుకని ఆఫీసుకి తెప్పించుకున్నాడు. అక్కడే ఇరుక్కున్నాడు. ఆఫీసులోంచి ఏ పార్సిల్ బయటికి వెళ్లాలన్నా సెక్యూరిటీ సూపర్‌వైజర్ నారాయణప్పకి బిల్లు చూపించాలి. అనంతపురం మనిషి. ఒకప్పుడు పోలీసు శాఖలో చేశాడని ఆఫీసులో చెప్పుకుంటారు.

మొదట ప్రాసెసర్ వచ్చింది. నారాయణప్ప బిల్లు చూశాడు, రిజిస్టర్లో సంతకం పెట్టించుకున్నాడు. అక్కడితో వదిలేయొచ్చు. వదల్లేదు. సొరుగులోంచి ఇంకో నోట్‌బుక్కు తీశాడు. అట్ట మీద సీతాకోకచిలుక బొమ్మ, దాని కింద ‘మౌనిక, 10-బి’ అని పాత లేబులు.

“ఇంతకన్నా పెద్దది ఉంటాది కదా సార్, ఇదే ఎందుకు తీసుకుంటిరి?”

ఉదయ్ డబ్బా తిప్పి చూపించాడు. “గేములకి ఆరు కోర్లు సరిపోతాయండి. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టుకోవాలి. పైగా దీనికి ఫ్యాన్ కూడా డబ్బాలోనే వస్తుందండి.”

నారాయణప్ప పొల్లు పోకుండా రాసుకున్నాడు.

రెండు రోజులకి మదర్‌బోర్డు వచ్చింది. నారాయణప్ప పెట్టె మీది నంబరు ఫోన్లో కొట్టి చూశాడు. “ఇది పాత రకమంట కదా సార్. కొత్తది ఎందుకు వద్దంటిరి?”

కొత్త బోర్డుకి కొత్త రకం ర్యామ్ కావాలి. దొంగిలించింది పాత రకం. ఆ నిజం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. “చవకండి” అని మాత్రం అనగలిగాడు.

పవర్ సప్లై వచ్చిన రోజు, అంత ఖరీదుది ఎందుకని ఇంకో ఆరా. “ఇందులో మాత్రం కక్కుర్తి పడకూడదండి. నాసిరకందైతే అది పోతూ పోతూ మిగతావన్నీ కాల్చేసి పోతుంది” అన్నాడు ఉదయ్. నారాయణప్ప ఆ మాట కింద రెండు గీతలు గీశాడు. అవి తన మెడ మీద గీసినట్టే అనిపించింది ఉదయ్‌కి.

గ్రాఫిక్స్ కార్డు సెకండ్ హ్యాండ్‌ది. బాచుపల్లి కాలేజీ విద్యార్థి ఒకడు ఆఫీసుకే తెచ్చి ఇచ్చాడు.

“వాడింది కొనేటప్పుడు ఏమేం చూడల్ల సార్?”

“అరగంట గేము ఆడించి చూడాలండి. ఒరిజినల్ బిల్లుందా, వారంటీ మిగిలుందా అడగాలండి.”

చెప్పాక గానీ ఉదయ్‌కి తట్టలేదు. పోలీసు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇలాగే మాటల్లో పెట్టి, మన నోటితోనే మనల్ని పట్టిస్తారు. చివరికి క్యాబినెట్ వచ్చినప్పుడు కూడా, “రంగు లైట్లు లేనిది ఎందుకు తీసుకుంటిరి?” అని అడిగాడు మహానుభావుడు. లైట్లు వెలిగినంత మాత్రాన గేము పరిగెత్తదని చెబితే, అదీ రాసుకున్నాడు.

శుక్రవారం పొద్దున గేటు దగ్గర నారాయణప్ప పక్కకి పిలిచి మెల్లగా అన్నాడు. “సాయంత్రం పోయేటప్పుడు ఒకసారి నా రూముకు రాండి సార్. అన్నీ రాస్తి గానీ, ఒక్కటి మాత్రం లెక్క కుదరడంలే.”

ఆ రోజంతా ఉదయ్ ఏ పని చేశాడో ఉదయ్‌కే తెలియదు. ఆ నోట్‌బుక్కులోకి ఎక్కనిది ఒక్క ర్యామే. దొరికిపోయాడు! పట్టుబడి చెబితే కేసవుతుంది, నీహారిక మొహం చూడలేడు. తనంతట తను ఒప్పుకుంటే ఉద్యోగం పోయినా పరువు మిగులుతుంది. నాలుగున్నరకి హెచ్‌ఆర్‌కీ, మేనేజర్‌కీ కలిపి మెయిల్ రాశాడు. ‘స్టోర్ రూములో రెండు ర్యామ్‌లు నేనే తీశాను. సోమవారం తెచ్చి ఇచ్చేస్తాను. క్షమించండి.’ కళ్లు మూసుకుని పంపేశాడు.

పంపాక ప్రాణం తేలికపడింది. రెండు వారాల తర్వాత మొదటిసారి ఆకలేసింది. క్యాంటీన్లో రెండు సమోసాలు తిని, టీ తాగి, తలెత్తుకునే సెక్యూరిటీ రూములోకి నడిచాడు.

నారాయణప్ప తలుపు దగ్గరగా వేసి నోట్‌బుక్కు చివరి పేజీ తెరిచాడు. ఒక్కో పార్టు పేరు, దాని పక్కన టిక్కు. ర్యామ్ దగ్గర మాత్రం ఖాళీ.

“దీని సంగతేగా? పైవాళ్లకి ఇప్పుడే చెప్పేశానండి” అన్నాడు ఉదయ్.

నారాయణప్ప తెల్లబోయాడు. “పైవాళ్లకెందుకు సార్, నాకు చెప్తే చాలదా? మా మౌనికకు ఇంజనీరింగ్ సీటొచ్చె, మీరు కొన్నవే చూసుకుంటా దానికీ ఒక కంప్యూటర్ చేయిస్తాండా. అన్నీ కుదిరె గానీ ఈ ర్యామ్ ధర వింటేనే కండ్లు తిరుగుతాండాయి, మీకు యాడ చౌకగా దొరికిందో ఆ అంగడి పేరు చెప్తారేమోనని పిలిస్తి.”