హెల్మెట్ లేని మనిషి భార్య

పురపాలక సంఘం హాల్లో ముందు వరుసలో, సరిగ్గా మధ్యన ఆమెకు కుర్చీ వేశారు. అటూ ఇటూ మనుషులే. లేవాలంటే అందరి మోకాళ్లూ దాటుకుంటూ పోవాలి.

సైకిల్ తొక్కేవాళ్లంతా హెల్మెట్ పెట్టుకోవాలా, వద్దా? ఇవాళ తేల్చాలి. సభ్యులు సగం అటు, సగం ఇటు. ఆమె ఎటు మాట్లాడితే సభ అటే మొగ్గుతుందని అందరికీ తెలుసు. తన వీధి మలుపులోనే సైకిల్ మీంచి పడి ప్రాణం పోగొట్టుకున్న మనిషి భార్య మరి! ఏడాదిగా ఎక్కడ సభ పెట్టినా ఆమెకు పిలుపు తప్పడం లేదు.

వెళ్లిన ప్రతిచోటా ఆమె ఒక్కటే మాట చెబుతుంది. "మా ఆయన హెల్మెట్ పెట్టుకోలేదు." అంతే, హాలంతా కళ్లు తుడుచుకుంటుంది.

ఇంట్లో మాత్రం ఆ మాట చిచ్చు పెట్టింది. అత్తగారు పలకడం మానేసింది. ఈ ఉదయం కూతురు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీ నాన్నకి ఒళ్లు దగ్గర పెట్టుకోవడం తెలియదట కదా అని స్కూల్లో ఏడిపిస్తున్నారమ్మా. ఇవాళైనా ఆ మాట అనకు."

ఆమె పిల్లను పక్కకు జరిపి, చెప్పులేసుకుని వచ్చేసింది.

ముందుగా సైకిళ్లు బాగుచేసే షాపాయన లేచాడు.

"గుంతలు పూడ్చండి మహాప్రభో అంటే, మా నెత్తిన బుట్ట బోర్లిస్తారా? ఇక సైకిలెక్కేదెవరు? నేను షాపులో ఈగలు తోలుకోవాలి."

హాల్లో నవ్వులు. ఆయన మాత్రం నవ్వలేదు. ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"వదినా, వాడు నా స్నేహితుడు. పోయినవాణ్ణి ఇంకా ఎన్నిసార్లు బోనెక్కిస్తారు? ఇక చాలని చెప్పెయ్యండి."

చెప్పెయ్యాలనే ఉంది ఆమెకు.

తర్వాత డాక్టరమ్మ ప్లాస్టిక్ బొమ్మతో వచ్చింది. ప్రతి సభలోనూ డాక్టరమ్మ ఇలా లేవగానే ఆమె మంచినీళ్ల వంకతో బయటికి పోయేది. ఇవాళ దారి లేదు. హెల్మెట్ ఏ సైజు కొనాలి, ఎలా బిగించాలి, ఎవరైనా పడితే ఏం చేయాలి, అన్నీ విప్పి చెప్పింది డాక్టరమ్మ.

"అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి. చుట్టూ మూగకండి. కంగారులో హెల్మెట్ లాగెయ్యకండి, మెడకి దెబ్బ తగిలుంటే ఆ లాగుడికే ప్రాణం పోవచ్చు. నీళ్లు తాగించకండి."

సభ్యులు కొందరు హాయిగా కునికిపాట్లు పడుతున్నారు. ఆమెకు చీర తడిసేలా చెమట పట్టింది.

"ఇక మీరు మాట్లాడండమ్మా" అన్నారు చైర్మన్‌గారు.

మైకు చేతికొచ్చింది. వెనక తలుపు దగ్గర అత్తగారు, కూతురు. ఎప్పుడొచ్చారో! వద్దన్నట్టు పిల్ల తల అడ్డంగా ఊపుతోంది. ఒక్క ముక్క చెబితే చాలు, ఆ పిల్ల రేపు తలెత్తుకుని బడికి పోతుంది.

"మా ఆయన హెల్మెట్ పెట్టుకోలేదు" అంది ఆమె.

చప్పట్లు మోగాయి. చేతులు లేచాయి. రూలు గట్టెక్కింది. మీ ధైర్యానికి దండం పెట్టాలమ్మా అన్నారు చైర్మన్‌గారు. అత్తగారు మనవరాలి చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఆ రోజు అందరికంటే ముందు వీధిలోకి పరుగెత్తి, ఊపిరాడటం లేదేమోనన్న కంగారులో భర్త తలమీది హెల్మెట్‌ను బలంగా ఊడలాగి మురుగుకాలవలోకి విసిరేసింది ఆమే.