ఏడు ఉత్తరాలకు ఒక మాట

“డైడ్ అని కొట్టకమ్మా, చూడలేక చస్తున్నాను. అది వీధిలో అనుకునే మాట. ఉత్తరంలో డిసీజ్డ్ అనాలి.”

హెడ్ గుమాస్తా కళ్లజోడు ముక్కు మీదికి జార్చి చెప్పాడు. గని ఆఫీసులో ఆయన్ని అందరూ డిక్షనరీ అంటారు. ఎవరైనా బిగిన్ అని రాస్తే, దాన్ని కొట్టేసి కమెన్స్ అని దిద్దందే ఆయనకు అన్నం సహించదు. టైపిస్టుకు నాలుగేళ్లుగా ఇంగ్లీషు నేర్పింది కూడా ఆయనే.

ఆమె వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి. మూడు రోజుల కిందట గని కప్పు కూలి ఏడుగురు లోపల ఉండిపోయారు. ఇప్పుడు ఏడు ఇళ్లకూ ఉత్తరాలు వెళ్లాలి. అందులో ఒకటి ఆమె వదినకి.

గోడ అవతల టక్, టక్ మని చప్పుడు మళ్లీ మొదలైంది.

“అబ్బబ్బ, ఈ ప్లంబరొకడు ప్రాణాలు తోడేస్తున్నాడు!” డిక్షనరీ విసుక్కున్నాడు. గనిలోంచి నీళ్లు తోడే పైపు నడవాలో కారుతోందని పొద్దునే కబురు పెట్టింది ఆయనే. “ఏడు దెబ్బలు కొడతాడు, ఆగుతాడు. మళ్లీ ఏడు. ఏం లెక్కో ఏం పాడో!”

లేచి వెళ్లి కిటికీ మూశాడు. చప్పుడు ఏమాత్రం తగ్గలేదు.

“మిస్సింగ్ అని రాద్దాం బాబాయ్,” అంది టైపిస్టు.

“మళ్లీ మొదటికొచ్చావా? మిస్సింగ్ అంటే ఆచూకీ లేదని. అలా రాస్తే వెతుకుతూనే ఉండాలి, అది రూలు. డిసీజ్డ్ అంటే పోయారని. పోయారంటే ఇక గని నోరు మూసెయ్యొచ్చు. కాంక్రీటు లారీలు వచ్చి నిలబడ్డాయి. పెద్ద సారు అక్కడ నా ఫోను కోసమే కాచుక్కూర్చున్నారు.”

“అందుకే అడుగుతున్నా. ఒక్క మాటే కదా బాబాయ్. అన్నయ్య తప్ప నాకెవరున్నారు చెప్పు?”

డిక్షనరీ ముఖం తిప్పుకున్నాడు. ఆమె ఉద్యోగంలో చేరిన రోజు ఆ అన్నయ్యే వచ్చి, బొగ్గు మరకలు పోని చేతులతో ఆయన చేతులు పట్టుకుని, “మా చెల్లికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు చెప్పండి సార్” అని బతిమాలాడు. ఆ సంగతి ఆయన మరిచిపోలేదు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుందన్న సంగతీ మరిచిపోలేదు.

“గాలి లేదు, తిండి లేదు. మూడు రోజులు, తల్లీ!” గొంతు తగ్గించాడు. “లోపల్నుంచి ఒక్క అలికిడన్నా వినిపిస్తే నా పెన్నుతో నేనే మిస్సింగ్ అని దిద్దేవాణ్ణి. లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చేది?”

ఆమె ఒక్కో కాగితమే ఎక్కించి కొట్టుకుంటూ పోయింది. మీటల చప్పుడూ, గోడలో చప్పుడూ కలిసిపోయాయి. ఏడో కాగితం మీద వదిన పేరు కొట్టేసరికి ఏడుపు ఆగలేదు. ఒక అక్షరం తప్పు పడింది. డిక్షనరీ ఆ తప్పు దిద్దలేదు, గబగబా సంతకం చేసి ఫోను అందుకున్నాడు.

“ఉత్తరాలు రెడీ సార్. అవున్సార్, డిసీజ్డ్. ఏడుగురూ.”

ఫోను పెట్టేశాక చాలాసేపు ఆమె వైపు చూడలేకపోయాడు. దూరంగా లారీలు ఒకదాని వెనక ఒకటి స్టార్టయ్యాయి.

గోడలో మళ్లీ ఏడు దెబ్బలు. ఈసారి ఇంకా గట్టిగా పడ్డాయి.

“వీడి దుంప తెగ! మన ఏడుపు మనం ఏడుస్తుంటే మధ్యలో వీడి గోలేమిటి? కాసేపు ఆపమని చెప్పిరా అమ్మా.”

టైపిస్టు కళ్లు తుడుచుకుని తలుపు తీసింది. గుమ్మంలో ఒక మనిషి రొప్పుతూ నిలబడి ఉన్నాడు. పనిముట్ల సంచి ఇంకా భుజం మీదే ఉంది. నడవాలో ఇంకెవరూ లేరు, చప్పుడు మాత్రం ఆగలేదు.

“ఆలస్యమైందమ్మా, కారే పైపెక్కడ?”